మీ అమ్మ కడపకు ఎందుకు పోయింది?

ఇంట్లో పాటలు చేసుకునేవాళ్ల నుంచి నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇది: "అన్నా, మిక్స్ క్లీన్‌గా రావట్లేదు. ఏ ప్లగిన్ కొనాలి?"

ఏమీ కొనొద్దు. మీ సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన ఈక్వలైజర్ చాలు. రీపర్ వాడితే రీఈక్యూ ఉంది. గ్యారేజ్‌బ్యాండ్‌కు దాని ఈక్యూ దానికుంది. ఫోన్ మీదే బ్యాండ్‌ల్యాబ్‌తో పని కానిచ్చేవాళ్లకు అందులోనూ ఉంది. వేలు పోసి కొన్న ఈక్యూ కూడా చేసేది ఆ పనే, కాకపోతే స్క్రీన్ మీద ఇంకాస్త అందంగా కనిపిస్తుంది.

అసలు అడగాల్సింది వేరే ఉంది. ఈ పాటలో జనానికి ఏది వినపడాలి? అది వినపడాలంటే మిగతావాళ్లలో ఎవరు పక్కకు జరగాలి? ఈ రెండిటికీ జవాబు లేకుండా ఈక్యూ తెరిస్తే నాబ్‌లు తిప్పుతూ తెల్లారిపోతుంది.

ఊరికే చెప్తే బుర్రకెక్కదు కాబట్టి ఈమధ్య నా దగ్గరికి వచ్చిన ఒక పాట పట్టుకుని చెప్తాను. పంపినతను జగిత్యాల దగ్గర ఒక ఊళ్లో ఉంటాడు, డిగ్రీ చదువుతున్నాడు. పేరు వేయొద్దన్నాడు, తమ్ముడు అనుకుందాం. వాళ్ల నాన్న దుబాయ్‌లో బిల్డింగుల పని చేస్తాడు. తమ్ముడు నాన్న కోసం ఒక పాట రాశాడు. గడప మీద కూర్చుని ఎదురుచూసే ఒక ఆవిడ పాట. పాడింది వాళ్ల అమ్మే. ఊళ్లో బతుకమ్మ దగ్గర పాట ఎత్తుకునేది ఆవిడే కాబట్టి మైకు ముందు బెరుకేమీ లేదు. పాట పూర్తవగానే వాట్సాప్‌లో నాన్నకు పంపాడు. ఆయన డ్యూటీ దిగి వచ్చి, రూములో నలుగురి మధ్య ఫోన్ స్పీకర్ మీద పెట్టుకుని విన్నాడు. తిరిగి వాయిస్ మెసేజ్ పెట్టాడు.

"మంచిగనే ఉంది బిడ్డా. గానీ మీ అమ్మ కడపకు ఎందుకు పోయింది?"

కడప ఊరికి ఆ పేరు గడప నుంచే వచ్చిందని చెప్తారు, తిరుమలేశుడి గడప అని. ఆ లెక్కన నాన్న విన్నది మరీ దూరం పోలేదు. తమ్ముడికి మాత్రం నవ్వు రాలేదు. పాట మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఎవరి కోసం రాశాడో ఆయనకే అది చేరలేదు.

సోలోలో అందరూ హీరోలే

ప్రాజెక్ట్ ఫైల్ తెప్పించుకున్నాను. ఏడు ట్రాకులు. అమ్మ గొంతు, డప్పు, బేస్, గిటార్, హార్మోనియం, కీబోర్డ్ ప్యాడ్, ఇద్దరు దోస్తుల కోరస్. సోలో బటన్ నొక్కి ఒక్కొక్కటీ విన్నాను. ఏ ట్రాక్‌కు ఆ ట్రాక్ అదిరింది. గిటార్ నిండుగా ఉంది, ప్యాడ్ మబ్బులా పరుచుకుంది, హార్మోనియం పక్క గదిలో వాయిస్తున్నంత దగ్గరగా ఉంది. ఏడూ కలిపి ప్లే కొడితే దుప్పటి కప్పుకుని విన్నట్టుంది.

ప్రతి ట్రాక్ మీదా ఈక్యూ ఉంది. ప్రతి ఈక్యూ గీతా ఒకే ఆకారంలో ఉంది. ఎడమ పక్క బేస్ పైకి, కుడి పక్క ట్రెబుల్ పైకి, మధ్యలో పల్లం. నవ్వు మొహం. ఆటోల్లో, పెళ్లి డీజేల్లో, మన బ్లూటూత్ స్పీకర్లలో ఈ నవ్వు మొహమే ఉంటుంది, అందుకే చెవికి అలవాటైపోయింది. తయారైన పాట మీద ఒకసారి వేస్తే సరదాగానే ఉంటుంది. ఏడు ట్రాకుల మీదా వేస్తే షేర్ ఆటోలో ఏడుగురూ డ్రైవర్ పక్కనే కూర్చుంటామని పట్టుబట్టినట్టు. వెనక సీటు ఖాళీ, ముందు హ్యాండిల్ తిరగదు.

ఒకే మేరలో రెండు శబ్దాలు మోగితే పెద్దది చిన్నదాన్ని కప్పేస్తుంది. దీన్నే మాస్కింగ్ అంటారు. పెళ్లి బ్యాండ్ పక్కన నిలబడి ఫోన్ మాట్లాడినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. అవతలి మనిషి మాట ఫోన్‌లోంచి వస్తూనే ఉంటుంది, మన చెవి దాన్ని విడదీయలేదు. తమ్ముడి ఫైల్‌లో కూడా గడప ఉంది. సోలోలో స్పష్టంగా ఉంది. అందుకే అతనికి సమస్య ఎక్కడుందో అర్థం కాలేదు. ట్రాకును సోలోలో పెట్టి ఈక్యూ చేసినంతకాలం ఇది దొరకదు. సోలో అనేది క్లిక్కులు, ఎగిరిపడే శబ్దాలు వెతుక్కోవడానికి. నిర్ణయాలు మాత్రం అన్నీ మోగుతున్నప్పుడే తీసుకోవాలి.

గ ఎలా క అయింది

ఇక్కడ కొంచెం అంకెలు కావాలి. మనిషి చెవికి వినపడేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు. సంగీతం నేర్చుకున్నవాళ్లకు శ్రుతి లెక్కలో చెప్తే తేలిక. ఒకటి శ్రుతి అంటే కీబోర్డ్ మీద సి, దాని సా దాదాపు 131 హెర్ట్జ్. అమ్మ పాడింది అయిదున్నర శ్రుతికి దగ్గర. అంటే ఆవిడ సా 208 చుట్టూ ఉంది. పాటలో ఆవిడ దిగిన అట్టడుగు స్వరం కింది పా, అంటే 156. కానీ ఏ స్వరమూ ఒంటరిగా రాదు. 208తో పాటు 416, 624, 832 అలా రెట్లు వెంటబెట్టుకుని వస్తుంది. గొంతును గుర్తుపట్టేది వాటి పాళ్లను బట్టే. హల్లుల చప్పుడు ఇంకా పైన ఉంటుంది. స లాంటివి 5,000 దాటి ఎక్కడో బుస కొడతాయి.

మన భాషలో ఇంకో తమాషా ఉంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి పాడేవాళ్లు అచ్చును ఎంతసేపైనా సాగదీస్తారు. బలమంతా అచ్చులో ఉంటుంది, అర్థం విడదీసేది మాత్రం మధ్యలో ఠక్కున వచ్చి పోయే హల్లు. హల్లు పోతే మిగిలేది అందమైన 'ఆ…' మాత్రమే. మిక్స్ బురదగా ఉన్న తెలుగు పాటల్లో రాగం తెలుస్తుంది గానీ మాట తెలియదని మనం చెప్పుకునేది ఇదే.

ఇప్పుడు క, గ పలికి చూడండి, గొంతు మీద వేలు పెట్టుకుని. నోట్లో నాలుక చేసే పని రెండిటికీ ఒకటే. గ అనేటప్పుడు మాత్రం నాలుక విడిపోక ముందే గొంతులో చిన్న మోత మొదలవుతుంది. ఆ మోత బలం కింది ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, 150 నుంచి 400 వరకు అనుకోండి. నాలుక విడిచిన ఠక్కు పైన, 2,000–4,000 ప్రాంతంలో తగులుతుంది. గ అని తెలుసుకోవడానికి చెవికి ఇద్దరు సాక్షులున్నట్టు. ఒకరు రాకపోయినా ఇంకొకరితో నడిచిపోతుంది.

పాత టెలిఫోన్ లైన్ మీద 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపేవారు. అయినా మాట అర్థమయ్యేది. స కి, ఫ కి తేడా తెలియక "ఎస్ ఫర్ శ్రీను, ఎఫ్ ఫర్ ఫాదర్" అని అరిచేవాళ్లం గానీ మిగతాదంతా పని జరిగేది. మనిషి గొంతులో అర్థం ఎక్కువగా ఎక్కడ ఉంటుందో ఆ రెండు అంకెలు చెప్తున్నాయి. ఈక్వలైజర్ కథ మొదలైందీ అక్కడే. పొడవాటి లైను మీద పోను పోను పై ఫ్రీక్వెన్సీలు ఎక్కువ నష్టపోయేవి, ఆ నష్టాన్ని సరిచేసి మళ్లీ సమానం చేసే సర్క్యూట్ కాబట్టి ఆ పేరు. ఆడియో యాంప్లిఫయర్లలో మనం చూసిన బేస్–ట్రెబుల్ నాబ్‌ల జంటకు దారి చూపిన సర్క్యూట్ పీటర్ బాక్సాండాల్ 1952లో ప్రచురించాడు. ఇప్పుడు మీ స్క్రీన్ మీద చుక్కను పట్టుకుని ఎటు కావాలంటే అటు లాగుతున్నారు చూడండి, ఆ పారామెట్రిక్ పద్ధతి మీద జార్జ్ మాసెన్‌బర్గ్ పేపర్ ఇచ్చింది 1972లో.

తమ్ముడి పాటలో ఇద్దరు సాక్షులూ గల్లంతయ్యారు. కింది సాక్షిని తనే పంపేశాడు. ఏదో రీల్‌లో "వోకల్‌కు 250 కింద మొత్తం కట్ చెయ్, క్లీన్ అయిపోతది" అని చూసి అలాగే చేశాడు. ఆవిడ పాడే సా 208 అయినప్పుడు 250 దగ్గర గోడ కడితే ఆవిడ స్వరం అడుగు తెగిపోతుంది, గ మోత దాంతోనే పోతుంది. మిగిలిన కాస్త మోతను 300–500 మధ్య ప్యాడ్ కప్పేసింది. పైన ఠక్కు ఉండాల్సిన చోట గిటార్ తీగలు, హార్మోనియం రీడ్లు పోటీపడి మెరుస్తున్నాయి. అంతా కలిసి గడప కడపైంది.

ఎవరు జరగాలి

ఈక్యూ తెరవక ముందు నేను చేసిన మొదటి పని మ్యూట్ నొక్కడం. ప్యాడ్, హార్మోనియం రెండూ ఒకే ఆక్టేవ్‌లో, అమ్మ గొంతు ఉన్న చోటే, ఒకే స్వరాలు పట్టుకుని ఉన్నాయి. ఇద్దరు ఒకే డ్యూటీ చేస్తున్నారు. పల్లవిలో ప్యాడ్ తీసేసి చరణాల మధ్య సంగీతంలో మాత్రం ఉంచాం. హార్మోనియంలో కింది స్వరాలు ఆపేశాం. పాటలో ఏదీ తగ్గినట్టు అనిపించలేదు. ఈక్యూతో కుస్తీ పట్టే సమస్యల్లో చాలావరకు అసలు వాయించడంలోనే ఉంటాయి. నాకు తెలిసి ఇంతకంటే మంచి ఈక్యూ లేదు, పైసా ఖర్చు లేదు.

తర్వాత హై పాస్ ఫిల్టర్. కింది భాగాన్ని ఆపేసి పై భాగాన్ని పోనిచ్చేది. అమ్మ గొంతు మీద 250ని 100కి దింపాం. ఆవిడ అట్టడుగు స్వరం 156 కాబట్టి 100 కింద ఆవిడ లేదు. అక్కడ ఉన్నది కరెంటు గుయ్యిమనే 50 హెర్ట్జ్, రోడ్డు మీద ట్రాక్టర్, మైకు స్టాండుకు కాలు తగిలిన దబ్బు. గిటార్ లావు తీగ విడిగా మీటితే 82 హెర్ట్జ్, కానీ కింద బేస్ ఉన్నప్పుడు ఆ లావు తీగతో పనేముంది? గిటార్‌ను 180 దాకా కోశాం. సోలోలో వింటే గిటార్ సన్నబడి దిక్కుమాలినట్టుంది. తమ్ముడు వెంటనే "అన్నా, గిటార్ పోయింది" అన్నాడు. సోలో ఆపి అన్నీ ప్లే కొట్టు అన్నాను. గిటార్ అక్కడే ఉంది, ఇంకా స్పష్టంగా ఉంది.

నేను చెప్పే అంకెలు ఈ పాటవి. మీ పాటకు అవే పెట్టేయకండి, మళ్లీ ఆ రీల్ కథే అవుతుంది. ఫిల్టర్‌ను కింది నుంచి మెల్లగా పైకి లాగండి. గొంతు పలచబడినట్టు అనిపించగానే ఆగి కొంచెం వెనక్కి రండి. మగ గొంతు అయితే ఆ చోటు ఇంకా కింద దొరుకుతుంది.

ఆ తర్వాత బురద. 200 నుంచి 500 వరకు ఉన్న మేరను మిక్సింగ్ చేసేవాళ్లు తిట్టని రోజుండదు. కానీ అచ్చుల ఒళ్లు కూడా అక్కడే ఉంది, గ మోతా అక్కడే ఉంది. అందరిలోనూ ఆ మేర కోసేస్తే పాట రేకు డబ్బాలో వాయించినట్టు తయారవుతుంది. ఒకరికి ఇవ్వాలి, మిగతావాళ్ల దగ్గర తీసుకోవాలి. ఈ పాటలో అది అమ్మకు. ప్యాడ్‌లో 300 చుట్టూ వెడల్పుగా 4 డెసిబెల్స్ తగ్గించాం, హార్మోనియంలో 3, కోరస్‌లో 3. అమ్మ గొంతులో ఆ చోట ముట్టుకోలేదు.

ఒక్క చిన్న కోత మాత్రం ఆవిడ గొంతుకూ తప్పలేదు, దానికి కారణం గది. వాళ్లది పది బై పది గది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య పది అడుగులు, అంటే మూడు మీటర్ల పైచిలుకు ఉంటే 56 హెర్ట్జ్ దగ్గర గది తనంతట తాను ఊగుతుంది. మళ్లీ 112 దగ్గర, 168 దగ్గర. పొడవు, వెడల్పు ఒకటే కాబట్టి రెండు జతల గోడలూ ఒకే చోట వంత పాడతాయి. వాస్తు వాళ్లకు నచ్చే చదరపు గది రికార్డింగుకు మాత్రం అంత మంచిది కాదు. అమ్మ గొంతు 168 ప్రాంతంలోకి దిగినప్పుడల్లా బెలూన్‌లా ఉబ్బేది. అక్కడ సన్నగా 3 డెసిబెల్స్ కోశాం. గోడలకు బొంతలు కడితే పోతుంది కదా అని చాలామంది అడుగుతారు. బొంత, పరుపు పైనుండే మోతను పీల్చుకుంటాయి. ఇంత కింద ఉన్నదానికి అవి అడ్డే కాదు. మైకును గది నడిమధ్య నుంచి, గోడ వార నుంచి తప్పించి ఇంకోచోట పెట్టి చూడడమే కొంత నయం.

ఇక పైన ఉన్న సాక్షి. మాట వినపడట్లేదంటే అందరూ చేసే పని గొంతులో 3,000 దగ్గర పెంచడం. ఆ ప్రాంతంలో మన చెవికి మహా చురుకు, పసిపిల్లల ఏడుపు ఎంత దూరం నుంచైనా గుచ్చుకునేది అందుకే. అక్కడ పెంచితే మాట వినపడుతుంది నిజమే, రెండో నిమిషానికి చెవి పోటూ వస్తుంది. మేం గొంతును వదిలేసి గిటార్‌లో 2,800 దగ్గర 3 డెసిబెల్స్, హార్మోనియంలో 2,200 దగ్గర 4 తగ్గించాం. డప్పును ముట్టుకోలేదు. సిర్ర దెబ్బ కూడా అక్కడే పేలుతుంది గానీ అది క్షణంలో వచ్చి పోతుంది, మాట మీద కూర్చోదు. సాగే వాయిద్యాలే మాటకు శత్రువులు.

స, శ లు బుస కొడుతుంటే ఈక్యూతో పైభాగం మొత్తం కోయకండి, గొంతు మసకబారుతుంది. దానికి డీ-ఎస్సర్ అని వేరే ఉంది. అది ఇంకో వారం.

వినపడని బేస్ చేసిన పని

ఇది నాకు ఈ పాటలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. తమ్ముడు బేస్‌లోనూ డప్పులోనూ 60 హెర్ట్జ్ దగ్గర 8 డెసిబెల్స్ పెంచాడు. ఎందుకు అంటే, రాత్రి ఇంట్లోవాళ్లు పడుకున్నాక చిన్న సౌండ్‌తో ఇయర్‌ఫోన్స్‌లో మిక్స్ చేశాడట. బేస్ సరిపోలేదనిపించిందట. అనిపిస్తుంది. సౌండ్ తగ్గిన కొద్దీ చెవికి బేస్ మిగతావాటికంటే ఎక్కువ తగ్గినట్టు తోస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. అర్ధరాత్రి మిక్సుల్లో బేస్ పొంగిపొర్లడానికి పెద్ద రహస్యమేమీ లేదు. పగలు మామూలు మాటల సౌండ్‌లో ఒకసారి విని ఖాయం చేసుకోండి.

దుబాయ్‌లో నాన్న విన్నది ఫోన్ స్పీకర్ మీద. మన వేలి గోరంత స్పీకర్ అది, 60 హెర్ట్జ్ దాని వల్ల కాదు. మరి వినపడని బేస్ వల్ల ఏం నష్టం? తమ్ముడు చివర్లో మాస్టర్ మీద లిమిటర్ పెట్టాడు, పాట పెద్దగా వినపడడానికి. లిమిటర్‌కు ఫోన్ సంగతి తెలియదు. 60 దగ్గర పెద్ద దెబ్బ రాగానే అది మొత్తం పాటను కిందికి నొక్కుతుంది, అమ్మ గొంతుతో సహా. డప్పు మొదటి దెబ్బ సరిగ్గా 'గడప'లో గ మీద పడుతోంది. నాన్న చెవికి డప్పు అడుగు వినపడలేదు, దాని వల్ల అమ్మ గొంతు తగ్గడం మాత్రం వినపడింది.

రెండిటిలోనూ ఆ 8 తీసేశాం. బేస్ ఫోన్‌లో బొత్తిగా మాయమవకుండా 700 దగ్గర 2 డెసిబెల్స్ పెంచాం. తీగ మీద వేలు కదలిక, పై రెట్లు అక్కడ ఉంటాయి. ఆ రెట్లు వింటే చాలు, లేని అడుగు స్వరాన్ని మన మెదడే కల్పించుకుంటుంది. పాట మొత్తంలో పెంచింది ఇదొక్కటే. మిగతావన్నీ తగ్గించినవే.

ఇంకో జాగ్రత్త. ఏ ఈక్యూ అయినా ఆన్, ఆఫ్ చేసి పోల్చేటప్పుడు రెండిటి సౌండ్ ఒకేలా ఉండాలి. కొంచెం పెద్దగా మోగేదాన్ని చెవి "బాగుంది" అనేస్తుంది. పెంచిన ఈక్యూ ఎప్పుడూ గెలవడానికి సగం కారణం ఇదే. ఈక్యూ విండోలో అవుట్‌పుట్ నాబ్ ఉంటుంది, దానితో సమానం చేసి, కళ్లు మూసుకుని నొక్కండి. కళ్లు మూసుకోమన్నది ఊరికే కాదు. స్క్రీన్ మీద గీత కదులుతుంటే చెవి మార్పు లేకపోయినా ఉందంటుంది. వోక్సెంగో స్పాన్ లాంటి ఉచిత అనలైజర్ పెట్టుకోండి, 50 హెర్ట్జ్ గుయ్యి లాంటివి పట్టుకోవడానికి పనికొస్తుంది. గీత తిన్నగా ఉందా లేదా అని మాత్రం దాన్ని అడగొద్దు.

'చెడ్డ ఫ్రీక్వెన్సీ'ని వెతకడానికి సన్నటి కొనను 12 డెసిబెల్స్ పెంచి అటూ ఇటూ తిప్పే అలవాటు కూడా నాకు నచ్చదు. అంత పెంచితే ఏ ఫ్రీక్వెన్సీ అయినా చెడ్డగానే ఉంటుంది. ఆ పద్ధతిలో చివరికి ఒక్కో ట్రాక్‌లో పది గుంటలు తవ్వుతారు. ముందు చెవికి ఏదైనా ఇబ్బందిగా తగలాలి, అప్పుడు వెతకాలి.

రెండో వెర్షన్

కొత్త మిక్స్‌ను తమ్ముడు ఇయర్‌ఫోన్స్‌లో, ఫోన్ స్పీకర్ మీద, పక్కింటి ఆటోలో విని నాన్నకు పంపాడు. ముందు పంపకుండా ఇంకో పని చేయించాను. పాట ఎప్పుడూ విననివాళ్లు ఒకరిని పిలిచి, ఫోన్ బల్ల మీద పెట్టి, అర్థమైన మాటలు అలాగే తిరిగి చెప్పమనాలి. మన పాట మాటలు మనకు కంఠతా వచ్చు కాబట్టి వినపడకపోయినా వినపడినట్టే ఉంటుంది. ఈ పరీక్షకు తమ్ముడి మేనత్త కూతురు దొరికింది, ఇంటర్ చదువుతోంది. గడప సరిగ్గానే చెప్పింది. కోరస్‌లో ఒక మాట దగ్గర తడబడింది. కోరస్‌ను ఇంకో డెసిబెల్ తగ్గించాం.

నాన్న నుంచి వచ్చిన జవాబు చిన్నది. "గడపనే. ఇప్పుడు సమజైంది." ఆ వెంటనే ఇంకోటి: "రెండో చరణంల గాలి కొడుతున్నట్టుంది, బయట కూసున్నరా?"

బయట కాదు. మొదటి చరణం అయ్యాక ఉక్కపోసి ఫ్యాన్ వేశారు. ఇంతకుముందు ప్యాడ్ మబ్బు కింద దాగి ఉన్న ఫ్యాన్ మబ్బు తొలగగానే బయటపడింది. మిక్స్ శుభ్రమైతే ఇలాంటివి ఒక్కొక్కటే కనిపిస్తాయి, భయపడొద్దు.

ఫ్యాన్ చప్పుడు ఒక చోట ఉండదు. కింద నుంచి పైదాకా పరుచుకుని ఉంటుంది, అమ్మ గొంతు ఉన్న ప్రతి చోటా. దాన్ని ఈక్యూతో కోస్తే గొంతునూ కోసినట్టే. నాయిస్ తగ్గించే ప్లగిన్లు ఉన్నాయి, కొంచెం వాడితే సరే, గట్టిగా వాడితే గొంతు నీళ్లలో మునిగినట్టు అవుతుంది. నేను చెప్పింది ఒకటే, ఆ చరణం మళ్లీ పాడించు. తెల్లవారుజామున, ఫ్యాన్ ఆపి, ట్రాక్టర్లు బయల్దేరక ముందు.

పాడించేటప్పుడు మైకు నుంచి దూరం చూసుకోమన్నాను. ఇంట్లో వాడే మైకుల్లో చాలావరకు ఒకవైపు నుంచే వినేవి. వాటికి నోరు మరీ దగ్గరైతే బేస్ పెరిగిపోతుంది, దూరమైతే గది మోత వస్తుంది. బెత్తెడు, జానెడు, మూరెడు దూరాల్లో ఒకే లైను మూడుసార్లు పాడించి, ఈక్యూ అసలు వేయకుండా, గిటార్, డప్పుతో కలిపి విని చూడాలి. మూడిటిలో దేనికి తక్కువ కోతలు అవసరమైతే అదే దూరం. మొదటి చరణం జానెడు దూరంలో పాడించాడట, కాబట్టి రెండోదానికి అక్కడి నుంచే మొదలుపెట్టాలి. అమ్మకు నాట్లు అయ్యేదాకా తీరదట, ఆ తర్వాత రికార్డ్ చేసి పంపుతానన్నాడు.